అంకెలకు గదులు కట్టే ఆవిడ

మొన్న ఆదివారం ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక చిన్న చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని "ఈ రోజు సంఘమంతా దుఃఖంలో ఉంది" అన్నారు. వెంటనే నా పక్కనుంచి "సంఘమంతా అంటే ఎంతమందండీ? రిజిస్టర్లో ఉన్నవాళ్ళా, వచ్చినవాళ్ళా?" అని ఆవిడ గొంతు వినబడ్డట్టయింది. నవ్వొచ్చేసింది. అలాంటి చోట నవ్వడం ఏం మర్యాద? కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్న పెద్దావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. ఆ చెయ్యి వీపు మీద పడేసరికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేజీ కింద పేరు వేస్తామంటేనే ఒప్పుకోలేదు. ఇప్పుడు మనిషి లేని సమయం చూసి వేసేస్తే దొంగతనంలా ఉంటుంది.

ఆ రోజుల్లో మా పేపరు ఆఫీసు బేగంపేటలో ఉండేది. కిటికీ తీస్తే విమానాల హోరు, మూస్తే ఉక్క. నేను విజయనగరం నుంచి వచ్చి సబ్ ఎడిటర్‌గా చేరాను. ఊళ్ళో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మా డెస్కులో సగంమంది పొద్దున్న కోర్సుకి, సాయంత్రం డ్యూటీకి. ఎవడైనా రాజీనామా చేసి సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్ళిపోతే మిగిలినవాళ్ళ ముఖాలు వారం రోజులు వేలాడేవి. ఆ గందరగోళంలో ఒక మూల, ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క మంచి కంప్యూటర్ ముందు, ఆవిడ స్థిమితంగా కూర్చునేది. ఆవిడ పని అంకెలు. బళ్ళ ఫలితాలు, ఆసుపత్రుల్లో మంచాలు, బస్తీల్లో నీళ్ళు, ఏ ఆఫీసులో ఏ లెక్కలున్నా తెచ్చుకుని, వాటిలోంచి వార్త తీసేది. ఇప్పుడు దాన్ని డేటా జర్నలిజం అంటున్నారు, దానికీ కోర్సులు పెట్టారు. అప్పట్లో మేం "లెక్కల డెస్కు" అనేవాళ్ళం. డెస్కంటే ఆవిడొక్కతే.

నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "ఏమ్మా ఇజీనారం" అనేది. మా ఊరి యాసను వెక్కిరిస్తోందని మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అర్థమైంది, ఆవిడకి మనిషి ఎక్కడివాడో తెలిస్తేనే గుర్తుంటాడని. సెక్యూరిటీ గార్డు ఆవిడకి "సిద్దిపేట", ఎడిటర్‌గారు "ఒంగోలు". ఆయన ఎదుట కూడా అలాగే అనేది.

విమానం నెత్తి మీదికి వచ్చినప్పుడల్లా మేమందరం గొంతు పెంచేవాళ్ళం. ఆవిడ టక్కున ఆపేసేది. చూపుడువేలు గాల్లో నిలబెట్టి, అది దాటిపోయేదాకా అలాగే ఉండి, ఆపిన అక్షరం దగ్గరే మళ్ళీ అందుకునేది. "నువ్వు పెట్టిన హెడ్డింగు చె..." అని వేలెత్తితే, అది "చెత్త" అవుతుందో "చెప్పుకోదగ్గది" అవుతుందో తెలిసేదాకా ప్రాణం గిలగిల్లాడేది. ఎక్కువసార్లు చెత్తే అయ్యేది, అబద్ధమెందుకు.

ఆవిడ దగ్గర మాట తూలామా, అయిపోయామే. ఒక రిపోర్టరు పరుగున వచ్చి "మేడమ్, దోమలు రెట్టింపయ్యాయి" అన్నాడొకసారి. "ఒకటి రెండైనా రెట్టింపే నాయనా. ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు?" అంది. వాడు ఆ తర్వాత ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వెళ్ళేవాడు గానీ ముందునుంచి వెళ్ళేవాడు కాదు. 'సగటు మనిషి' అని ఎవరైనా రాస్తే ఆ కాగితం వెనక్కొచ్చేది. "ఇన్నాళ్ళనుంచి వెతుకుతున్నా, ఆ సగటు మనిషి ఒక్కడూ కనబళ్ళేదు. నీకు కనబడితే తీసుకురా, కాఫీ ఇప్పిస్తా" అనేది.

కొత్త ఫైలు ఏది తెరిచినా ముందు కళ్ళు మూసుకుని పెదవులు కదిపేది. క్రైస్తవులు కదా, ప్రార్థన చేసుకుంటోంది పాపం అని మేం చప్పుడు చెయ్యకుండా ఉండేవాళ్ళం. చాలా నెలలు అలా భక్తిగా ఉన్నాక నేనే ఉండబట్టలేక అడిగాను. "ప్రార్థనేంటమ్మా! పొద్దున చర్చిలో చేసుకునే వచ్చా. నిన్నటి మొత్తాలు లోపల మళ్ళీ కూడుతున్నా" అంది. మా నోరు మూయించినందుకు ఆవిడకేమీ బాధ లేదు. మాకే అన్యాయం జరిగిపోయినట్టయింది.

మంచి మనిషే, సులువైన మనిషి మాత్రం కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. శనివారం చేపల పులుసు తెచ్చుకుని, శాకాహారుల ముక్కులు అదిరిపోతున్నా కిటికీ దగ్గరికి జరిగేది కాదు. ఇక లెక్కల విషయంలో తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అలా అనడానికి ఆవిడకి హక్కూ ఉంది లెండి. పట్టిక ఏదైనా అచ్చుకి వెళ్ళేముందు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకునేది. నేను పేజీలోని ప్రతి అంకె పైకి చదవాలి, ఆవిడ తన కంప్యూటర్లో చూసుకుంటూ "ఊఁ" కొట్టాలి. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టే ఉండేది. గొంతు పోయేది. నేను గొణిగితే "చదువమ్మా ఇజీనారం, ప్రతి అంకె వెనకా ఎవరో ఒకరి ఇల్లుంటుంది" అనేది. అలా అప్పజెప్పించుకున్న పేజీలో తప్పు దొర్లిందని ఎవరూ ఎన్నడూ అనలేదు. అందుకే "మా లెక్క తప్పదు" అనే మాట ఆవిడ నోట తరచూ వచ్చేది.

ఆ లెక్క తప్పింది. జూన్‌లో.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. కార్పొరేట్ స్కూళ్ళు ర్యాంకుల ఫొటోలతో పేపర్లన్నీ నింపేస్తుంటే ఆవిడ అటువైపు చూడలేదు. ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న తెలుగు మీడియం బళ్ళు తీసుకుంది. జంటనగరాల్లో ఒక్క పిల్లా పాసవ్వని బళ్ళేవో వరసగా రాసి, అక్కడ టీచర్లున్నారా, గదులున్నాయా అని ప్రశ్నిస్తూ కథనం రాసింది. గొప్పగా వచ్చింది. పేపరుతో పాటు వచ్చే మా సిటీ టాబ్లాయిడ్ మొదటి పేజీలో పైభాగమంతా అదే. ఆ సున్నా బళ్ళ వరసలో రెజిమెంటల్ బజార్‌లోని ఒక ఎయిడెడ్ స్కూలు కూడా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ బడి హెడ్మాస్టరు మా ఆఫీసుకి వచ్చాడు. బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. కేకలేస్తాడేమోనని మేం సిద్ధంగా ఉన్నాం. ఆయన మాత్రం కుర్చీ అంచున కూర్చుని మెల్లగా అన్నాడు.

"మేడమ్, మా బడి పేరు మీ పేపర్ల సున్నా కింద వచ్చింది. మా పిల్లలు అందరు పాసయిన్రు. ఒక్కరు సుత తప్పలె."

"బోర్డువాళ్ళిచ్చిన సీడీలోంచే తీశాం మాస్టారూ. మా లెక్క తప్పదు" అంది ఆవిడ.

"ఎట్ల తప్పదు మేడమ్? బడి షురూ అయినకాన్నుంచి గిట్ల అందరు పాసయింది గిదే మొదలు. జెర ఆ సీడీ సూడుండ్రి."

ఆవిడ విసుగ్గానే సీడీ పెట్టింది. బోర్డు నుంచి వచ్చే ఫైల్లో అక్షరాలూ అంకెలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎక్కడ బడి పేరు ఆగుతుందో, ఎక్కడ ఉత్తీర్ణత శాతం మొదలవుతుందో, దానికి ఎన్ని అంకెల జాగా కావాలో మనమే కంప్యూటర్‌కి చెప్పాలి. దాన్ని ఆవిడ "అంకెలకి గదులు కట్టడం" అనేది. శాతానికి ఆవిడ రెండు గదులే కట్టింది. ముప్పై అయినా, తొంభై అయినా రెండు గదుల్లో సరిపోతుంది. వందకి మూడు కావాలి. ముందున్న ఒకటి బయటే ఉండిపోయి, వెనకున్న సున్నాలు రెండూ లోపలికొచ్చాయి. ఆ చిన్న బళ్ళన్నిటిలో వందకి వంద తెచ్చుకున్నది ఆ ఒక్క బడే. దాన్ని తీసుకెళ్ళి మేం సున్నాల్లో వేశాం. నేను గొంతు పోయేలా అప్పజెప్పింది ఆవిడ ఫైలుతోనే కదా. ఫైలే తప్పైతే అప్పజెప్పి ఏం లాభం?

ఆవిడ ముఖం కత్తివేటుకి నెత్తురుచుక్క లేకుండా అయిపోయింది.

"తప్పే మాస్టారూ" అంది.

"తప్పు అందరు చేస్తరు మేడమ్, గది కాదు నా పరేషాన్" అన్నాడాయన. "మా బడిల ఒక పిల్ల ఉంది. మంచిగ చదువుతది. వాళ్ళమ్మ చీరలకు ఫాల్స్ కుట్టి సాకుతది. పిల్ల పాసయిన్నని చెప్పింది. తెల్లారి పక్కింటాయన మీ పేపర్ చదివి, ఆ బడిల ఒక్కరు సుత పాస్ కాలేదని చెప్పిండు. గంతే. బిడ్డ అబద్ధం చెప్పిందని కొట్టింది. పెద్దకొడుకు గిట్లనే పాసయిన్న పాసయిన్న అని మోసం జేసిండంట మునుపు. చీరల దుకాణంల పనికి మాట్లాడింది. కాలేజీల సీట్లు రేపు సాయంత్రానికి బంద్."

"మార్కుల మెమో చూపించలేదా?" అన్నాను నేను.

"చూపిచ్చిన. గవి జిరాక్స్ షాపుల సుత చేస్తరంట గదా అంటది. నేను పోయి చెప్పిన. నీ బడి ఇజ్జత్ కోసం నువ్వు గట్లనే చెప్తవ్ సారూ అంటది. పేపర్ల సున్నా అని వచ్చింది, పేపర్ల వస్తెనే నమ్ముత అంటది. అందుకే వచ్చిన మేడమ్."

ఆయన్ని పంపించాక ఆవిడ సవరణ రాసుకుని నేరుగా ఎడిషన్ ఇన్‌చార్జి గదిలోకి వెళ్ళింది. సాక్ష్యానికి కాబోలు, నన్నూ రమ్మంది. ఇన్‌చార్జి హైదరాబాదు మనిషి, దేనికీ తొణకడు.

"గలతీ అయింది, సవరణ వేద్దాం మేడమ్. లోపలి పేజీల రెండు లైన్లు. సాంకేతిక లోపం వల్ల అని పెడితే ఖతం" అన్నాడు.

"కంప్యూటర్ ఏం చేసింది పాపం? రెండు గదులు కట్టమన్నాను, కట్టింది" అంది ఆవిడ. "లోపలి పేజీలో రెండు లైన్లు వేస్తే ఆ పక్కింటాయన చదువుతాడా? ఆ తల్లికి చెప్తాడా? సున్నా ఎక్కడ వేశామో వంద అక్కడే వెయ్యాలి. అంతే పెద్దగా వెయ్యాలి."

"మొదటి పేజీల మన తప్పు మనమే చాటించుకుంటమా? పేపర్ పరువేం గావాలె?"

"పిల్ల పరువు పోయింది కదండీ, దాని సంగతేంటి?"

ఆయన నుదురు రుద్దుకున్నాడు. రేపటి మొదటి పేజీలో జాగా ఎక్కడుంది అన్నాడు. జాగా ఉంది. ఆవిడ కథనానికే పెట్టుకున్న జాగా. ఊళ్ళో కొత్తగా లేస్తున్న సాఫ్ట్‌వేర్ భవనాల్లో ఉద్యోగాలు ఏ బస్తీలవాళ్ళకి వస్తున్నాయో, ఏ బస్తీలకి అసలు రావడం లేదో నెలల తరబడి గేట్ల దగ్గర నిలబడి అడిగి అడిగి తయారు చేసింది. యాజమాన్యం కూడా దాని కోసం ఎదురు చూస్తోంది. "అది ఆపెయ్యండి, ఇది వెయ్యండి" అంది. బయటికి వచ్చాక చెయ్యి పట్టుకుని ఆపి "పిచ్చా మీకు?" అన్నాను. "అదింకో వారం ఆగుతుందమ్మా. కాలేజీ సీటు ఆగదు" అంది. ఆగలేదు ఆ కథనమూ. మరో పేపరువాళ్ళు అలాంటిదే ముందు వేసేశారు, ఆవిడది తర్వాత ఎక్కడో లోపల వచ్చింది. ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇన్‌చార్జి జాగా ఇచ్చాడు, అక్షరాల సైజూ ఇచ్చాడు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం మొండికేశాడు. ఆవిడ సవరణ చివర్న రాసింది ఇదీ: "ఇటువంటి బడిలో నూరు శాతం ఉత్తీర్ణత వస్తుందని ఊహించకపోవడం వల్ల ఈ తప్పు జరిగింది."

"గిది అవసరం లేదు మేడమ్. పాఠకులకు గిది ఎందుకు?" అని ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"అసలు తప్పు అదేనండీ" అంది ఆవిడ. ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ కాసేపు ఆ ఎర్ర గీత వైపు చూసి "సరే, ఇది నేను నోటితో చెప్పుకుంటాను" అని లేచింది. ఎవరితో చెప్పుకుంటుందో నాకప్పుడు తట్టలేదు.

సవరణ వచ్చిన రోజు పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కలుద్దాం రమ్మంది. హెడ్మాస్టరు కూడా వచ్చాడు. ముగ్గురం పేపరు పట్టుకుని రెజిమెంటల్ బజార్ సందుల్లోకి వెళ్ళాం. దుకాణాల షట్టర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఒక మేడ వెనక ఒంటిగది ఇల్లు. గుమ్మంలోనే కుట్టుమిషను, చుట్టూ చీరల గుట్టలు. తల్లి తలెత్తింది గానీ కాలు మాత్రం ఆపలేదు. పిల్ల లోపల నేల మీద కూర్చుని ఫాల్ గుడ్డలకి ఇస్త్రీ చేస్తోంది. లేచి నిలబడింది, మాట్లాడలేదు. చెంప మీద కమిలిన గుర్తు ఇంకా పోలేదు. నేను చూపు తిప్పేసుకున్నాను.

"అమ్మా, గీ మేడమ్ పేపర్ల పనిచేస్తది" అన్నాడు హెడ్మాస్టరు.

ఆవిడ గుమ్మం ముందు మెట్టు మీదే కూర్చుని, పేపరు విప్పి సవరణ మొత్తం పైకి చదివింది. బడి పేరు, అందరూ పాసయ్యారన్న మాట, నూరు శాతం అన్న మాట, అన్నీ నిదానంగా. పైన విమానం పోతుంటే ఆ రోజు మాత్రం ఆగలేదు, గొంతు పెంచి చదివింది.

తల్లి అంతా విని, నోట్లో ఉన్న దారం తుంపి పక్కన పడేసి అడిగింది.

"మొన్న సున్నా అని రాసింది సుత గీ పేపరే గదమ్మా? ఇయ్యాల వంద అంటున్నరు. ఏది నమ్మాలె నేను?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. కాలేజీలో సీట్లు ఆ సాయంత్రం దాకానే. ఆవిడ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"కంప్యూటర్లో అంకె రాయాలంటే ముందు దానికి జాగా ఇవ్వాలమ్మా" అంది. "వంద రాయాలంటే మూడు అంకెల జాగా కావాలి. నేను రెండిటికే ఇచ్చాను. అందులో ఒకటి పట్టలేదు, సున్నాలు మాత్రం మిగిలాయి. అలా మీ బడి సున్నా అయిపోయింది."

"ఎందుకట్ల తక్కువ ఇచ్చినవ్?"

"ఇలాంటి చిన్న బడిలో వంద వస్తుందని నేను అనుకోలేదు. నూరుమందిలో నూరుమందీ పాసవుతారన్న ఆలోచనే నాకు రాలేదు. వస్తే ఆ ఇంకో గది కట్టేదాన్నే. తప్పు నాది. దెబ్బలు మీ అమ్మాయి తింది."

మిషను ఆగింది. తల్లి ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని నేను భయపడ్డాను, లేదు. పేపరు తప్పు రాసిందని మాత్రమే కాదు, ఎందుకు రాసిందో కూడా ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఆ కారణం ఆ తల్లికీ తెలిసిందే.

"నేను సుత అనుకోలేదమ్మా" అంది తల్లి. "కన్నదాన్ని, నేనే అనుకోలె. బిడ్డ పాసయిన్న అంటే, నీ మొకానికి పాసా అన్న. పేపర్ల సున్నా అని వినంగనే, గదే నిజమనుకున్న."

ఒళ్ళోని చీర తీసి పక్కన పెట్టి, కళ్ళొత్తుకుని, హెడ్మాస్టరు వైపు తిరిగింది.

"కాలేజీ బంద్ అయిందా సారూ?"

"లేదమ్మా. సాయంత్రం దాంక ఉన్నది. ఇప్పుడు బయలెల్లినా అందుతది."

తల్లి మిషను మీద గుడ్డ కప్పింది. హెడ్మాస్టరు చెప్పులు వేసుకోబోయి ఆగి, నేల చూస్తూ అన్నాడు.

"నిజం చెప్పాల్నంటే నేను సుత అనుకోలె. అందరు పాసయితరని ఎన్నడు అనుకోలె."

పెద్దవాళ్ళం నలుగురం ఆ గుమ్మం దగ్గర తలొంచుకుని నిలబడ్డాం. లోపల్నుంచి పిల్ల ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేసి, మొదటిసారి నోరు విప్పింది.

"నేను అనుకున్న" అంది.